మడతల గది

జూన్ 3

పిచ్చుకా,

నిన్న ఫోను పెట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇద్దరం ఫోను పట్టుకుని ఏడవడం తప్ప ఏం మాట్లాడుకున్నాం చెప్పు? నువ్వు "అక్కా" అంటావు, నేను "ఆఁ" అంటాను, అంతే, అటు నువ్వూ ఇటు నేనూ ముక్కులు చీదుకోవడం. పైగా మా హాస్టల్లో ఫోనుండేది ఆఫీసు గదిలో. వార్డెనమ్మ ఏడుస్తుంటే తలుపు పక్కన నక్కి వినడం కన్నా ఈ పిల్లలకి వేరే సినిమా ఏం కావాలి? అందుకని ఇక ఉత్తరాలే. కాగితం మీద ఏడిస్తే సిరా అలుక్కుంటుందేమో గానీ ఎవరికీ వినపడదు.

మరిదిగారు పోయి రెండో నెల నడుస్తోంది. నువ్వు మళ్ళీ పనిలోకి వెళ్ళడం మంచిదయింది. ఇంట్లో ఒక్కదానివే కూర్చుని ఆయన కుర్చీ వంకా చెప్పుల వంకా చూస్తూ ఉంటే మనిషివి మిగలవు. ఆసుపత్రి లాండ్రీలో నిన్ను ఉతికే మిషన్ల దగ్గర్నుంచి తీసి మడతల గదిలో వేశారన్నావు. మంచిదే, తడిబట్టల బరువులు మొయ్యక్కర్లేదు, నీ నడుముకి కాస్త సుఖం. అక్కడ అంతా ఆడవాళ్ళేనట కదా, నలుగురిలో పడు.

ఇక్కడ మామూలే. కొత్తగా చేరిన పిల్లలు ఇంటిమీద బెంగతో పడుకునేముందు ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తారు, పొద్దున్నే బాత్‌రూం దగ్గర అదే చేతుల్తో జుట్లు పట్టుకుంటారు. విడదీసేసరికి నా గొంతు పోతుంది.

కొత్త గది ఎలా ఉందో, మనుషులు ఎలాంటివాళ్ళో వివరంగా రాయి. "బాగానే ఉంది" అని ఒక్క ముక్క రాసి పడేశావో, నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

ప్రస్తుతానికి ఏడుపు ఆపిన,
అక్క


జూన్ 12

అక్కా,

వివరంగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. చదివి నవ్వకు.

మా లాండ్రీ మొత్తంలో వెలుతురున్న గది ఇదొక్కటే. ఒకవైపు గోడంతా కిటికీలు. ఆరబెట్టే మిషన్లలోంచి తీసిన దుప్పట్లు తోపుడు బళ్ళలో కుప్పలుగా, ముట్టుకుంటే చుర్రుమనేలా వస్తాయి. ఒక్కో దుప్పటికీ ఇద్దరుండాలి. ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ చెరో రెండు మూలలూ పట్టుకుని, ఒక్కసారి విదిలించి, బిగించి లాగి, నిలువునా మడిచి, ఎదురెదురుగా నడుచుకుంటూ వస్తారు. కాలి వేళ్ళు తగిలేంత దగ్గరికి. ఒకరి చేతిలో అంచులు ఇంకొకరి చేతిలో పెట్టేసి, కింద వేలాడే మడత అందుకుని మళ్ళీ వెనక్కి. రోజంతా అంతే. కొత్తవాళ్ళు చూస్తే ఏదో ఆట ఆడుతున్నారనుకుంటారు. మొహాలు దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక కబురో, ఒక ఎకసెక్కమో, ఒక నవ్వో.

నాతో ఆ ఆట ఎవరూ ఆడటం లేదక్కా.

మొదటిరోజు నేను గుమ్మంలోకి రాగానే గదిలో మాటలు టక్కున ఆగిపోయాయి. గదికి పెద్ద ఒకావిడ ఉంది, మనిషి బాగా పొడుగు, అందరూ పొడుగక్క అంటారు. ఆవిడ నన్ను చూసి తలూపి, మూలనున్న బల్ల చూపించింది. దాని మీద దిండు గలీబుల గుట్ట. గలీబులు ఎవరికి వాళ్ళు మడుచుకోవచ్చు కదా, రెండో మనిషి అక్కర్లేదు. సరేలే, మొదటిరోజు కదా అనుకున్నాను. వారం దాటిపోయింది, ఇంకా గలీబులే. ఎవరైనా పనికి రాని రోజు జతలో ఒక మనిషి మిగిలిపోతుంది. అప్పుడు కూడా నన్ను పిలవరు. ఆ మిగిలిన పిల్ల దుప్పటిని బల్ల అంచు మీద వేసుకుని ఒక్కతే నానా తంటాలూ పడుతుంది గానీ, ఇటు పక్కనే ఉన్న నన్ను రమ్మనదు.

చావింట్లోంచి వచ్చినదాన్ని కదా, అంటుకుంటుందని భయమేమో. లేకపోతే ఆయన్ని ఆలస్యంగా తీసుకొచ్చాననేమో. తెచ్చింది ఈ ఆసుపత్రికే కదా, ఇక్కడ అందరికీ తెలుసు. మా అత్తగారు అందరి ముందూ అన్న మాటే వీళ్ళ మొహాల్లో కనపడుతోంది నాకు.

అక్కా, ఒక మాట అడుగుతాను. కొన్నాళ్ళు నీ దగ్గరికొచ్చి ఉండనా? నీ పనికి అడ్డం రాను. నేల మీద పడుకుంటాను.

నీ పిచ్చుక


జూన్ 20

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి చేతిలో గ్లాసు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టానంటే అది కాస్తా పగిలింది. ఎవరే వాళ్ళు? మొగుడు పోయిన మనిషిని మూలన కూర్చోబెట్టి గలీబులు మడవమనడానికి వాళ్ళకి మనసెలా ఒప్పింది? ఆ పొడుగావిడ మనిషే పొడుగు, మనసు మరుగుజ్జులా ఉంది.

ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా విను. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆడపిల్లల గుంపుల మధ్యే బతుకుతున్నదాన్ని, ఈ జట్లూ కచ్చిలూ నాకు కొట్టినపిండి. ఒకర్ని పక్కన పెట్టారంటే, ఆ ఒక్కరూ ఎప్పుడు బతిమాలుతూ వస్తారా అని చూడ్డానికే. నువ్వు వెళ్ళి "నన్నూ కలుపుకోండమ్మా" అన్నావో, అయిపోయావే. ఇక జన్మలో తలెత్తనివ్వరు. వాళ్ళంతట వాళ్ళొచ్చి పిలిచేదాకా నువ్వు నోరు విప్పకు. దుప్పట్ల వైపు చూడను కూడా చూడకు. గలీబులిచ్చారా, గలీబులే మడువు, వాళ్ళ కళ్ళు చెదిరేలా మడువు. ముందుగా నువ్వు మాత్రం చెయ్యి చాపకు. మన ఇంటావంటా లేదది.

మీ అత్తగారి మాట ఇంకోసారి ఎత్తితే మాత్రం ఊరుకోను. నువ్వేం ఆలస్యం చెయ్యలేదు. గుండెలో మంట అంటే గ్యాసని కొట్టిపారేసింది ఆయనే. నువ్వు చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకున్నది ఆయనే. నాకు తెలుసు కదా.

ఇక నా దగ్గరికి రావడం. ఇప్పుడు కుదరదే. నాకిచ్చిందే ఒక గది, అందులో సగం పిల్లల పరుపులూ మందుల పెట్టే. కొత్త కమిటీ వచ్చి గది గదికీ తనిఖీ చేస్తోంది, బయటివాళ్ళని ఉంచకూడదని నోటీసు కూడా అంటించారు. సెలవుల్లో చూద్దాం. అందాకా గుండె దిటవు చేసుకో. నేల మీద పడుకుంటుందట నేల మీద! నడుం పట్టేస్తే ఎత్తి కూర్చోబెట్టేదెవరు, నేనా?

నీ తరఫున పోట్లాడ్డానికి ఎప్పుడూ రెడీగా ఉండే,
అక్క


జూలై 5

అక్కా,

నోటీసు సంగతి తెలీక అడిగాను. బయటివాళ్ళని ఉంచకూడదనడం సబబే. ఇంకెప్పుడూ అడగను.

నువ్వు చెప్పినట్టే ఉంటున్నాను. గదిలో ఒక పిల్ల ఉంది, నోరు మూతపడదు, గలగల అని పేరు పెట్టారు. మొన్న అది గ్లాసులో టీ పోసుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. "నాకు అలవాటు లేదు" అన్నాను. రోజుకి ఎన్ని టీలు తాగుతానో నీకు తెలుసు కదా. ఆ పిల్ల గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పొడుగక్క కూడా ఒకసారి వచ్చింది. "ఏమ్మా, నిద్ర పడుతోందా?" అంది. తలెత్తకుండానే "బాగానే పడుతోంది" అన్నాను. ఆవిడ గలీబుల మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, వెనక్కి వెళ్ళిపోయింది. నిద్ర సంగతి ఆవిడకెందుకు చెప్పు. నేను మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నానని వింటే సంతోషమేమో.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నాకు కిటికీ పక్కన వేరే కుర్చీ వేసి పెడుతున్నారు. మిగతా అందరూ పెద్దబల్ల చుట్టూ ఒకరి మీద ఒకరు పడి కూర్చుంటారు. నేను కూర్చోగానే వాళ్ళ గొంతులు తగ్గిపోతాయి. ఎవరైనా దగ్గినా నన్ను చూసి దగ్గినట్టే ఉంటోంది. ఇంటికొచ్చాక ఎవరు ఎటు చూశారు, ఎవరు ఎందుకు నవ్వారు అని మళ్ళీ మొదట్నుంచీ తిరగేసుకుంటాను. అన్నం కూడా సయించదు.

విచిత్రమేమిటంటే చేతులు నొప్పి పుడుతున్నాయి. తడిబట్టల మూటలు మోసినన్నాళ్ళూ ఇంత నొప్పి లేదు. గలీబులు మడిస్తే చేతులు నొప్పేమిటక్కా?

ఉంటాను.
నీ చెల్లెలు


జూలై 13

ఏమే పిచ్చుకా,

"నీ చెల్లెలు" అని సంతకం పెట్టావేం? కోపమా? నేను రావద్దన్నానా? ఇప్పుడు కుదరదన్నాను. ఆ రెండింటికీ తేడా తెలీనంత పసిదానివేం కాదు నువ్వు. బయటివాళ్ళన్నది కమిటీ మాట, నా మాట కాదు. ఊరికే పుల్లలు ఏరి నా నెత్తిన పెట్టకు.

ఆ కిటికీ పక్క కుర్చీ సంగతి చదివాక మాత్రం నాకిక ఓపిక లేదు. వేరే కుర్చీ వేస్తారా? దాన్నేమంటారో తెలుసా, వెలి అంటారు. టీ గ్లాసు తేవడం, నిద్ర పడుతోందా అని ఆరా తీయడం, అదంతా లోపల ఎంత కుళ్ళుతున్నావో చూసి పోదామని. నువ్వు గ్లాసు తీసుకోకపోవడం మంచి పని చేశావు.

మొన్న ఇక్కడా ఇలాంటిదే ఒకటి తేల్చాను. ఒక పిల్లతో ఎవరూ అన్నం తినడం లేదని తెలిసింది. మీటింగు పెట్టి, ఆ గుంపు మొత్తాన్నీ లేపి నిలబెట్టి, "రేపట్నుంచి ఈ అమ్మాయి పక్కన కూర్చుని తినకపోతే మీ పెద్దవాళ్ళకి కబురు పెడతా" అన్నాను. దెబ్బకి దారికొచ్చారు. ఇప్పుడు చెరోపక్కా కూర్చుని తింటున్నారు. పైవాళ్ళ నోటితో చెప్పిస్తే గానీ మనుషులు వినరు.

నువ్వూ మీ సూపర్‌వైజరుకి కాగితం రాసివ్వు. మెతగ్గా రాయకు. "సాటి ఉద్యోగులు నన్ను పనిలో కలవనివ్వకుండా వేధిస్తున్నారు, గది పెద్దే దీనికి నాయకురాలు" అని రాయి. వేధిస్తున్నారు అన్న మాట తప్పకుండా ఉండాలి, అది లేకపోతే ఎవరూ పట్టించుకోరు. వాళ్ళకి భయం తెలిస్తేనే నీకు జత దొరుకుతుంది.

ఆ చేతులకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. సంతకం సరిగ్గా పెట్టి జవాబు రాయి.

నీ అక్క, బయటిది కాదు


ఆగస్టు 2

అక్కా,

కాగితం ఇచ్చాను. నువ్వు చెప్పిన మాటలే పెట్టాను.

సూపర్‌వైజరు చదివి లేచి నిలబడి నాకు కుర్చీ వేశాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నాకు కుర్చీ వేయడం అదే మొదలు. "ఇలాంటిది ఎవరైనా రాసిస్తే బాగుండునని చూస్తున్నానమ్మా" అన్నాడు. మడతలు వేసే మిషను కొనాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉందట, పొడుగక్కా వాళ్ళూ ఒక్కమాట మీద నిలబడి కొననివ్వలేదట. ఆ కాగితం తీసుకుని తిన్నగా పైకి వెళ్ళాడు. వారం తిరిగేసరికి మడతల గది ఖాళీ అయిపోయింది. జతలన్నిటినీ విడగొట్టి, ఒకర్ని ఒక షిఫ్టులో, ఇంకొకర్ని ఇంకో షిఫ్టులో వేశారు. పొడుగక్కని కింద నేలమాళిగకి పంపారు, మాసిన బట్టలు ఏరే చోటికి. ఆపరేషన్ గదుల్లోంచి వచ్చేవన్నీ అక్కడికే వస్తాయి. రక్తం, చీము, ఒక్కోసారి సూదులు కూడా. ఆవిడ వయసు వాళ్ళనెవరినీ అక్కడ వెయ్యరు.

నిన్న మెట్ల దగ్గర గలగల ఎదురుపడింది. నన్ను చూసి ఏడ్చేసింది. "ఎందుకిలా చేశావక్కా? నిన్ను మేమేం చేశాం?" అంది. చెప్పాను, నన్ను దుప్పటికి పిలవలేదు కదా అని. అప్పుడది మెట్ల మీదే కూర్చుని అసలు సంగతి చెప్పింది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉందట. ఎవరింట్లోనైనా మనిషి పోతే, వాళ్ళు పనిలోకొచ్చాక, వాళ్ళంతట వాళ్ళు దుప్పటి అంచు పట్టుకుని ఎవరికైనా చూపించేదాకా ఎవరూ పిలవకూడదట. దుప్పటి మడవాలంటే ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ రావాలి కదా, ఏడుపొస్తే దాచుకోడానికి చెయ్యి కూడా ఖాళీగా ఉండదు. అందుకని ఆ మనిషిని గలీబుల దగ్గర వదిలేస్తారట. గాలి తగలాలని కిటికీ దగ్గర కుర్చీ వేస్తారట. పెద్దగా నవ్వరట. పొడుగక్క కూతురు పోయినప్పుడు ఆవిడ చాలా నెలలు ఆ మూల బల్ల దగ్గరే ఉందట, ఒకరోజు లేచి దుప్పటందుకుంటే గదంతా ఏడ్చారట.

"నీకెవరూ చెప్పలేదా? తర్వాత పొడుగక్కైనా చెప్పి ఉంటుందనుకున్నాను" అంది గలగల. పొడుగక్కేమో గలగల చెప్పే ఉంటుందనుకుందట, దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా అని. టీ తెచ్చినరోజు అది చెప్పడానికే వచ్చిందట. నా మొహం చూసి భయపడి వెళ్ళిపోయిందట.

నేను చెయ్యి చాపుతానని వాళ్ళందరూ ఎదురుచూస్తూ కూర్చున్నారక్కా. నువ్వు చాపొద్దన్నావు.


ఆగస్టు 10

పిచ్చుకా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. చివరి రెండు మాటలూ నా మీద రాయి వేసినట్టు వేశావు. నాకేం తెలుసే? నువ్వు రాసింది చూసే కదా నేను చెప్పాను. మూలన కూర్చోబెట్టారన్నది నువ్వు. మొహాల్లో అత్తగారు కనపడుతోందన్నది నువ్వు. వేరే కుర్చీ అన్నది నువ్వు. అక్కడ ఏముందో ఇక్కణ్ణుంచి నాకు కనపడుతుందా? చెల్లెలు ఏడుస్తూ రాస్తే ఏ అక్కయినా ఏమంటుంది, వాళ్ళే మంచివాళ్ళేమో కనుక్కో అంటుందా?

అయినా ఇదెక్కడి పద్ధతి? దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి పోవాలి గానీ, దూరం జరిగి అదే మర్యాద అనుకుంటే ఎలా? ఒక్క ముక్క నోటితో చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది?

సరే, అయిందేదో అయింది. వెళ్ళి ఆ పొడుగావిడకి క్షమాపణ చెప్పు. కాగితం వెనక్కి తీసుకుంటానని సూపర్‌వైజరుకి చెప్పు. నువ్వు వెనక్కి తీసుకుంటే వాళ్ళని మళ్ళీ పైకి తేక చస్తారా?

అక్క


ఆగస్టు 27

అక్కా,

కాగితం వెనక్కివ్వమంటే సూపర్‌వైజరు నవ్వాడు. మిషను వచ్చేసింది. గదిలో సగం అదే ఉంది. దుప్పటి ఒక పక్క నోట్లో పెడితే ఇంకో పక్క మడతపడి బయటికొస్తుంది. మెచ్చుకుని నన్నే దాని దగ్గర వేశాడు. ఇంక రెండో మనిషితో పనే లేదు.

నేలమాళిగకి వెళ్ళాను. పొడుగక్క ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడుగాటి పట్టకారుతో బట్టలు ఏరుతోంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. గుడ్డ తీసి, "మీరు ఇక్కడికెందుకొచ్చారమ్మా, వాసన" అంది. మీరు అంది అక్కా. కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది. "కాగితం ఇచ్చేముందు నన్నొక్క మాట అడగాల్సింది. అడిగితే చెప్పకపోదునా" అంది. అంతే. మళ్ళీ గుడ్డ కట్టేసుకుంది.

మిగతావాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. గలగల కూడా. నాకిప్పుడు ఒకటి అర్థమైంది. అప్పుడు నేను వెలి అనుకున్నన్నాళ్ళూ వాళ్ళు నన్ను చూస్తూనే ఉన్నారు. దొంగచాటుగా, పనిలోంచి తలెత్తి, ఎలా ఉన్నానో అని చూస్తూనే ఉన్నారు. వెలి అంటే అది కాదు. ఇప్పుడు ఎదురొస్తే గోడని దాటుకుపోయినట్టు దాటిపోతున్నారు. అప్పుడు లేనిదాన్ని నేనే చేతులారా తెచ్చుకున్నాను.

నీ ఉత్తరం చూశాను. నువ్వనేది నిజమే, రాసింది నేనే. మూలన కూర్చోబెట్టారన్నది నేనే. నీ తప్పేం లేదు. నీకు ఇకమీదట ఏమీ రాయకపోతే ఏ తప్పూ జరగదు.

చెల్లి


సెప్టెంబరు 6

నా తల్లీ,

నా మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ. ఆ ఉత్తరం కోపంలో రాయలేదు, భయంతో రాశాను. తప్పు నాదని ఒప్పుకుంటే నువ్వు నాకు దక్కవేమోనని భయం. తప్పు నాదే. నీ దగ్గరికి రాకుండా, నీ మొహం చూడకుండా, ఇక్కడ గదిలో కూర్చుని తీర్పులు చెప్పాను. నువ్వు నేల మీద పడుకుంటానని అడిగినరోజే నేను బస్సెక్కాల్సింది. కమిటీ అట, నోటీసట. ఉద్యోగం పోతే పోయేది.

అన్నాల దగ్గర నేను జతచేసిన పిల్ల హాస్టలు వదిలి వెళ్ళిపోయింది. చెరోపక్కా కూర్చున్నవాళ్ళు నేను చెప్పానని కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదట. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నాకు చెప్పి కూడా వెళ్ళలేదు.

సెలవు పెట్టాను. ఇరవయ్యో తారీకు సాయంత్రం బస్సుకి దిగుతాను. ఏ సలహా తీసుకురాను, మాటిస్తున్నాను. నోటికి తాళం వేసుకుని వస్తాను, నువ్వు తియ్యమంటేనే తీస్తాను. నీ పక్కన కూర్చుంటాను, అంతే. ఎన్నాళ్ళుండమంటే అన్నాళ్ళుంటాను. నువ్వు తప్ప నాకు మాత్రం ఎవరున్నారే?

నీ అక్క


సెప్టెంబరు 12

అక్కా,

రావద్దు.

కోపంతో రాయడం లేదు, కోపం ఎప్పుడో అయిపోయింది. నువ్వొస్తే నా కోసం వచ్చావో, నీ మనసులో గుచ్చుకున్నది తీసేసుకోడానికి వచ్చావో నాకు తెలీదు. కూర్చుని నా వంక చూస్తావు, ఆ చూపు జాలా, ప్రేమా, విసుగా అని నేను లెక్కలు వేసుకుంటూ ఉంటాను. నువ్వు టీ ఇస్తే ఎందుకిచ్చావని ఆలోచిస్తాను. నాకిప్పుడు మనుషుల్ని చదవడం రాదక్కా. వచ్చనుకుని ఒక గదినిండా మనుషుల్ని పోగొట్టుకున్నాను. నువ్వొక్కదానివి మిగిలావు. నిన్ను కూడా తప్పుగా చదివి పోగొట్టుకునే కన్నా, దూరంగా ఉంటే ఉన్నావనైనా ఉంటుంది.

నేను బాగానే ఉన్నాను. మిషను పని తేలిక.

చెల్లి


సెప్టెంబరు 17

పిచ్చుకా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. సంచి సర్దేసి ఉంది. తలుపు దగ్గరే పెట్టాను. చదివి ఆ సంచి పక్కనే కూలబడ్డాను.

నా మనసైతే నీ మాట లెక్కచెయ్యకుండా వచ్చేయమంటోంది. పాత అక్కనైతే వచ్చేసేదాన్నే, నీకు తెలుసు. చిన్నప్పట్నుంచీ నీ మాటకి అడ్డం పడి నా మాటే గెలిపించుకున్నాను. నీకు ఏ జడ వేయాలో నేనే చెప్పాను, ఏ చదువు చదవాలో నేనే చెప్పాను, మొన్న ఏ కాగితం రాయాలో కూడా నేనే చెప్పాను. దాంతోనే కదా ఇంత అయింది. అందుకే ఈసారి నీ మాట వింటున్నాను. రావద్దన్నావు, రావడం లేదు. సెలవు రద్దు చేయించుకున్నాను. సంచిలో బట్టలు తీసి బీరువాలో పెట్టాను, పెడుతూ ఏడ్చాను.

నీకు ఎప్పుడు రమ్మనిపిస్తే అప్పుడు ఒక్క ముక్క రాయి. అందాకా నిన్ను తొందరపెట్టను. నీ చోటు నీకుండనిస్తాను. ఇది నేర్చుకోడానికి నాకు ఇంత వయసు పట్టింది.

నీకోసం ఎదురుచూసే,
అక్క


సెప్టెంబరు 21

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న వచ్చింది. నిన్న సాయంత్రం నేను బస్టాండులో ఉన్నాను.

రావద్దని రాసిన మర్నాడే ఇల్లు కడగడం మొదలుపెట్టాను. ఆయన కుర్చీ పక్కకి జరిపి నీకు మంచం వేశాను. నేను వద్దంటే ఆగే మనిషివా నువ్వు, మా అక్క నా మాట ఎప్పుడు విన్నది గనక అని నాలో నేనే నవ్వుకున్నాను కూడా. చాలా రోజులకి నవ్వాను. నిన్న మధ్యాహ్నమే పని దగ్గర అనుమతి తీసుకుని, తల దువ్వుకుని వెళ్ళి కూర్చున్నాను.

బస్సు కాస్త ఆలస్యంగా వచ్చింది. జనం దిగుతున్నారు. నీలాగే భుజానికి సంచి తగిలించుకుని, నీలాగే కండక్టరుతో పోట్లాడుతూ ఒకావిడ దిగింది. వెనక నుంచి చూసి పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది, సంచిని గుండెకి హత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. తర్వాత బస్సు కూడా చూశాను. ఆ తర్వాత బెంచీలు తుడిచేవాడు వచ్చి లేవమన్నాడు.

నీ తప్పేం లేదు. నేను వద్దన్నాను, నువ్వు రాలేదు. ఎవర్నడిగినా నువ్వు చేసిందే సరైందంటారు. నా మాటకి విలువిచ్చావు, నా చోటు నాకుండనిచ్చావు. ఆ గదిలో వాళ్ళూ అదే చేశారు. అందరూ నామీద ఇంత దయగా ఉన్నారు, అయినా నేను ఒక్కదాన్నే ఉన్నాను.

ఇది చదివి ఇప్పుడు బయల్దేరకు. ఇప్పుడొస్తే నేను అడిగితే వచ్చినట్టవుతుంది. అడక్కుండా రావాల్సిన రోజు నిన్నటితో అయిపోయింది.